నేను అడిగింది ఇది

హైడ్రాలజీన్ రక్తపోటు తగ్గించే మందు. హైడ్రాక్సిజీన్ దురదకీ, అలర్జీకీ, ఆందోళనకీ ఇచ్చే మందు. రెండు పేర్లనూ ఇంగ్లీషులో రాసి చూడండి. రెంటికీ పదకొండేసి అక్షరాలు. మొదటి నాలుగూ ఒకటే, చివరి నాలుగూ ఒకటే. తేడా అంతా నడుమనున్న మూడక్షరాల్లోనే ఉంది. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి జంటల్లో తేడా ఉన్న భాగాన్ని క్యాపిటల్ అక్షరాల్లో ముద్రించమని కంపెనీలకు సూచించింది. లోసెక్ అనే ఎసిడిటీ మందు, ఒంట్లో నీరు తీసే లేసిక్స్‌తో కలగలిసిపోతోందని 1990లో అక్కడ దాని పేరునే ప్రిలోసెక్‌గా మార్చేశారు.

ఇప్పుడు మన ఇళ్లలో జరిగేది చూద్దాం. డాక్టరు రాసిన చీటీ సరిగా అర్థం కాదు. ఇంట్లో ఎవరో ఒకరు ఫోను తీసి, తమకు కనిపించినట్టుగా ఆ పేరు కొడతారు. ఒక అక్షరం అటూ ఇటూ అవుతుంది. సెర్చ్ ఇంజిన్ దానికి బాగా తెలిసిన మరో మందు పేరు పట్టుకుని, ఆ ఫలితాలు పేజీ నిండా పరుస్తుంది. పైన చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది, ‘ఫలానా మాటకు ఫలితాలు చూపిస్తున్నాం’ అని. కంగారులో ఉన్నవాళ్ల కళ్లు ఆ లైను మీద ఆగవు. నేరుగా కిందికి జరిపి, ఉపయోగాలేమిటో, పడకపోతే ఏమవుతుందో చదివేసుకుంటారు. చదువుతున్నది వేరే మందు గురించని వాళ్లకు తెలియనే తెలియదు.

ఈ అధ్యాయమంతా ఆ చిన్న లైను గురించే. ఎదుటివాడు మన మాట తప్పుగా వింటే ‘కాదండీ, నేను అడిగింది ఇది’ అని మర్యాదగా, గట్టిగా చెప్పడం చిన్నప్పటి నుంచీ నేర్చుకుంటూనే ఉన్నాం. రోజంతా మనం ప్రశ్నలడిగేది మాత్రం ఫోనుని. దానికీ ఆ మాట చెప్పడం నేర్చుకోవాలి. చెప్పే దారులు ఉన్నాయి, చాలామందికి ఎవరూ చూపించలేదు, అంతే.

దానికి ఈ అలవాటు ఎందుకొచ్చింది

తప్పంతా యంత్రానిదే అనడం న్యాయం కాదు. గూగుల్ 2020లో చెప్పిన లెక్క ప్రకారం రోజూ దాన్ని అడిగే ప్రతి పది ప్రశ్నల్లో ఒకదాంట్లో స్పెల్లింగ్ తప్పు ఉంటుంది. ఒకప్పుడు బ్రిట్నీ స్పియర్స్ అనే పాప్ గాయని పేరును జనం ఎన్ని రకాలుగా కొడుతున్నారో ఆ సంస్థే జాబితా వేసి ప్రచురించింది. దాదాపు 600 రకాలు తేలాయి. అన్ని వంకర్లలోంచీ అసలు పేరు పట్టుకోకపోతే ఎవరికీ ఏమీ దొరకదు.

పట్టుకునే పద్ధతి కూడా కొత్తది కాదు. స్పెల్లింగ్ తప్పుల్లో 80 శాతానికి పైగా నాలుగే రకాలని ఫ్రెడరిక్ డామెరో అనే పరిశోధకుడు 1964లోనే చూపించాడు. ఒక అక్షరం ఎక్కువ పడుతుంది, లేదా ఒకటి జారిపోతుంది, లేదా ఒకదాని చోట ఇంకొకటి పడుతుంది, లేదా పక్కపక్క అక్షరాలు తారుమారవుతాయి. ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని దిద్దుబాట్లు కావాలో లెక్కగట్టే కొలతను మరుసటేడు రష్యాకు చెందిన వ్లదీమిర్ లెవెన్‌స్టీన్ ఇచ్చాడు. గూగుల్‌లో పనిచేసే పీటర్ నార్విగ్ 2007లో ఈ ఆలోచననే ఇరవై ఒక్క లైన్ల చిన్న ప్రోగ్రాముగా రాసి అందరికీ చూపించాడు. ఈ రోజు పెద్ద ఇంజిన్లలో నడిచేది ఇంతకన్నా ఎంతో జటిలమైనదే. అయినా లోపలి తర్కం అదే. మీరు కొట్టిన మాటకు దగ్గర్లో ఉన్న మాటలేమిటి, వాటిలో జనం ఎక్కువగా వాడేది ఏది?

చిక్కంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది. శ్రీకాకుళం జిల్లాలో నందిగాం అనే మండలం ఉంది. ఎన్టీఆర్ జిల్లాలో నందిగామ పట్టణం ఉంది. ఇంగ్లీషులో రాస్తే చివర ఒక్క అక్షరం తేడా. పట్టణం గురించి అడిగేవాళ్లు ఎక్కువ, రాసేవాళ్లూ ఎక్కువ. మండలం గురించి వెతికేవాడు పొరపాటు చేశాడనుకోవడం యంత్రానికి చాలా తేలిక. తక్కువమంది అడిగేది తప్పు, ఎక్కువమంది అడిగేది ఒప్పు అనే లెక్కలో చిన్న ఊళ్లు, అరుదైన ఇంటిపేర్లు, పాత పుస్తకాలు, పెద్దగా ప్రచారం లేని మందులు ఎప్పుడూ ఓడిపోతూనే ఉంటాయి. నాకు అసలు బాధ ఇక్కడే. మన ఊరి పేరు తప్పు స్పెల్లింగేమీ కాదు కదా.

కొట్లో కందిపప్పు అడిగితే, ‘పెసరపప్పు అయితే ఉంది, ఇవ్వనా?’ అని అడిగే కొట్టతను మంచివాడే. అడక్కుండా పెసరపప్పు పొట్లం కట్టి చేతిలో పెట్టేవాడితో మాత్రం పేచీ తప్పదు. సెర్చ్ ఇంజిన్లు మొదట్లో ‘మీ ఉద్దేశం ఇదా?’ అని అడిగేవి. తర్వాత్తర్వాత అడగడం తగ్గించి, తామే మార్చేసి చూపించడం మొదలుపెట్టాయి. అడగడం సేవ, అడక్కుండా మార్చడం అతిచొరవ. ఇంత పెద్ద యంత్రం ఆ తేడా పాటించకపోవడం తప్పేనని నా అభిప్రాయం.

మూడు చోట్ల మారుతుంది

మనం కొట్టిన మాట మారేది ఒక్క చోట కాదు. ఎక్కడ మారిందో తెలిస్తేనే దిద్దుకోగలం.

మొదటిది మీ కీబోర్డు. సెర్చ్ ఇంజిన్‌కు చేరకముందే, మీరు స్పేస్ నొక్కగానే అది మాట మార్చేస్తుంది. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లకు ఇది రోజూ పడే తలనొప్పి. జీబోర్డు సెట్టింగుల్లో టెక్స్ట్ కరెక్షన్ లేదా కరెక్షన్స్ అండ్ సజెషన్స్ అనే భాగంలో ఆటో కరెక్షన్ ఉంటుంది. ఐఫోనులో సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్ వరసలో ఉంటుంది. ఆపేయండి. మాటలు సూచించే పట్టీ అలాగే ఉండనివ్వవచ్చు, దాని పాటికది మార్చడమే వద్దు.

రెండోది సెర్చ్ పెట్టె కింద దిగే సూచనల జాబితా. 2004లో గూగుల్ దీన్ని ప్రయోగంగా తెచ్చి, 2008లో అందరికీ పెట్టింది. ఇది అక్షరాన్ని మార్చదు, మనసు మారుస్తుంది. దీని ప్రమాదం ఎక్కువని నేననేది అందుకే. ఒకావిడ మోకాళ్ల నొప్పితో మెట్లు ఎక్కేటప్పుడు ముందు ఏ కాలు వెయ్యాలో తెలుసుకోవాలనుకుంది అనుకోండి. ‘మోకాలి నొప్పి’ వరకూ కొట్టింది. కింద ఆపరేషన్ ఖర్చు, నూనెలు, ఇంజెక్షన్లు అని వరసగా దిగాయి. ఆపరేషన్ ఖర్చు నొక్కింది. అరగంట చదివింది, బెంగపెట్టుకుంది. మెట్ల సంగతి అలాగే ఉండిపోయింది. ఆవిడ ప్రశ్నకు జవాబు దొరకలేదని కూడా అనలేం, ఎందుకంటే ఆవిడ అసలు ఆ ప్రశ్న అడగనే లేదు.

దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. ముఖ్యమైన విషయం వెతికేముందు, ఫోను ముట్టుకోకముందే, ప్రశ్నను ఒక కాగితం మీద పూర్తి వాక్యంగా రాసుకోండి. ‘మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు మెట్లు ఎక్కేటప్పుడు ముందు ఏ కాలు వెయ్యాలి?’ అని. వెతకడం అయ్యాక ఆ కాగితం మళ్లీ చూడండి. జవాబు వచ్చిందా? లేక ఇంకేదో చదివి లేచామా? రాసిన వాక్యం ఎదురుగా ఉంటే జాబితా మనల్ని అంత తేలిగ్గా పక్కదారి పట్టించలేదు. పిల్లలకు ప్రాజెక్టు పనుల్లో ఈ అలవాటు చేయించండి, చాలా తేడా కనిపిస్తుంది.

మూడోది ఇంజినే. అది స్పెల్లింగు దిద్దుతుంది, మీ మాటకు బదులు దగ్గర అర్థమున్న మాటలు కలుపుకుంటుంది, కొన్ని మాటలు వదిలేస్తుంది. 2024 మేలో అమెరికాలో, ఆగస్టులో మన దేశంలో వచ్చిన ఏఐ ఓవర్‌వ్యూ ఇంకో అడుగు ముందుకేసి, తనకు అర్థమైన ప్రశ్నకు తనే జవాబు రాసి పైన పెడుతుంది. ఆ జవాబు చదివేముందు అందులో మీరు అడిగిన పేరే ఉందో లేదో అక్షరం అక్షరం పోల్చుకోండి. అదేమీ వద్దనుకుంటే పైన వరసలో ‘వెబ్’ అని ఉంటుంది, అది నొక్కితే మామూలు లింకులు మాత్రమే వస్తాయి.

గట్టిగా చెప్పే పద్ధతులు

అన్నిటికన్నా ముందు, పేజీ తెరుచుకోగానే పైన చూడండి. ఇంజిన్ మాట మార్చి ఉంటే ‘షోయింగ్ రిజల్ట్స్ ఫర్’ అని పెద్దగా దాని మాట, కింద ‘సెర్చ్ ఇన్‌స్టెడ్ ఫర్’ అని చిన్నగా మీ మాట ఉంటాయి. ఆ చిన్నదాన్ని నొక్కండి. సగం సమస్య అక్కడే తీరుతుంది.

రెండోసారీ మాట వినకపోతే కొటేషన్ గుర్తులు వాడాలి. మాటకు ముందూ వెనకా జంట కొటేషన్ పెడితే ‘అచ్చంగా ఇదే ఉండాలి’ అని చెప్పినట్టు. ఒక్క మాటకైనా పెట్టవచ్చు, మొత్తం వాక్యానికైనా పెట్టవచ్చు. 2022 ఆగస్టు నుంచి గూగుల్ ఫలితాల కింద ఇచ్చే రెండు మూడు లైన్లలో ఆ కొటేషన్ మాట పేజీలో ఎక్కడుందో ఆ భాగాన్నే చూపిస్తోంది. పేజీ తెరిచాక కంప్యూటర్లో కంట్రోల్ ఎఫ్, ఫోనులో ‘ఫైండ్ ఇన్ పేజ్’ వాడి నేరుగా అక్కడికి వెళ్లండి.

ఇదివరకు ఇంతకన్నా సులువైన దారి ఉండేది. మాట ముందు ప్లస్ గుర్తు పెడితే చాలు, ఆ మాట తప్పనిసరి అయ్యేది. 2011లో గూగుల్ ప్లస్ అనే సామాజిక మాధ్యమం వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో సెర్చ్‌లో ప్లస్ గుర్తుకున్న ఆ పని తీసేశారు. వెతకడమే వృత్తిగా ఉన్నవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. నవంబరులో ‘వెర్బేటిమ్’ అనే సదుపాయం వచ్చింది. గూగుల్ ప్లస్ 2019లో మూతపడింది, పాత ప్లస్ గుర్తు మాత్రం తిరిగి రాలేదు. వెర్బేటిమ్ ఇప్పటికీ ఉంది. కంప్యూటర్లో వెతికాక ‘టూల్స్’ నొక్కి, ‘ఆల్ రిజల్ట్స్’ దగ్గర దాన్ని ఎంచుకోవాలి. ఫోను బ్రౌజరులో అయితే పైన ఇమేజెస్, వీడియోస్ అని ఉండే వరసను చివరిదాకా జరిపితే సెర్చ్ టూల్స్ కనిపిస్తుంది. ఇది పెట్టాక స్పెల్లింగు దిద్దడం, పర్యాయపదాలు కలపడం ఆగిపోతాయి. వినియోగదారులు అడిగారు కాబట్టే వచ్చిన సదుపాయం ఇది, వాడుకోవాలి.

కొన్ని ఫలితాల కింద ‘మిస్సింగ్’ అని, పక్కన మీ మాట కొట్టివేసి ఉంటుంది. ఆ పేజీలో మీ మాట లేదని ఇంజినే ఒప్పుకుంటోందన్నమాట. ఆ పేజీ చదివి టైము పాడుచేసుకోకుండా, పక్కనే ఉన్న మీ మాట లింకు నొక్కండి. అక్కర్లేని ఫలితాలు ముంచెత్తుతుంటే వద్దనుకున్న మాట ముందు ఖాళీ వదలకుండా మైనస్ గుర్తు పెట్టండి. నందిగాం కోసం వెతుకుతూ నందిగామకు మైనస్ పెడితే, పక్కన శ్రీకాకుళం అని చేరిస్తే, గొడవ వదిలిపోతుంది.

పాత స్పెల్లింగును దిద్దనివ్వకండి

ఇంటి చరిత్ర, ఊరి చరిత్ర వెతికేవాళ్లకు ఈ కొటేషన్ గుర్తులు ప్రాణాధారం. దొరల కాలపు కాగితాల్లో కాకినాడ కోకనాడా, మచిలీపట్నం మసులిపటం, ఏలూరు ఎల్లోర్, కృష్ణా జిల్లా కిస్ట్నా. 1883లో గోర్డన్ మెకంజీ తెచ్చిన జిల్లా మాన్యువల్ పేరే కిస్ట్నా డిస్ట్రిక్ట్. ఇప్పటి స్పెల్లింగుతో వెతికితే ఇప్పటి కలెక్టరేటు, ఇప్పటి వార్తలే వస్తాయి. పాత స్పెల్లింగు కొట్టి కొటేషన్‌లో పెడితేనే పాత కాగితం బయటికొస్తుంది. మీరు కావాలని రాసిన కిస్ట్నాను యంత్రం తప్పనుకుని కృష్ణాగా దిద్దితే, వందేళ్ల వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయినట్టే.

దక్షిణాఫ్రికాలో ఉన్న తెలుగువాళ్ల సంగతి చూడండి. చెరకు తోటల్లో పనికి మన వాళ్లను తీసుకెళ్లిన మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. తర్వాత యాభై ఏళ్ల పాటు ఓడలు వెళ్తూనే ఉన్నాయి. ఓడ జాబితాల్లో పేర్లు, ఊళ్లు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఎక్కాయి. మన నాయుడు ఇంటిపేరు అక్కడ చివర రెండు ‘ఓ’లతో స్థిరపడిపోయింది. ఇక్కడ విశాఖపట్నంలో ఉన్నవాళ్లు తమ వంశంలో అక్కడికి వెళ్లిన కొమ్మను వెతకాలంటే రెండు ‘ఓ’ల నాయుడూ, ‘యు’తో రాసే నాయుడూ ఒకటే అని కలిపేసే ఇంజిన్ వల్ల లాభం లేదు. ఆ రెండు ‘ఓ’లే మనిషి ఎక్కడివాడో చెబుతున్నాయి. కొటేషన్‌లో పెట్టి, పక్కన నాటాల్ అనో, డర్బన్ అనో చేర్చి వెతకాలి. ఊరి పేరుకైతే ఇంగ్లీషువాడు ఎన్ని రకాలుగా రాసి ఉంటాడో ముందే ఊహించి, ఒక్కొక్కటీ విడివిడిగా కొట్టి చూడాలి. ఓపిక కావాలి, కానీ ఈ పనిలో అంతకన్నా దగ్గర దారి లేదు.

తెలుగు లిపిలో వెతికేటప్పుడు కొటేషన్ గుర్తులతో ఇంకో ఇబ్బంది ఉంది. మన మాటలకు విభక్తులు అతుక్కుంటాయి. ‘భాగవతం’ అని కొటేషన్‌లో పెడితే ‘భాగవతంలో’, ‘భాగవతము’, ‘భాగవతానికి’ ఉన్న పేజీలు జారిపోవచ్చు. కాబట్టి తెలుగులో ఒక్క రూపంతో ఆగకండి. పాత పుస్తకాలకు ‘ము’తో, కొత్తవాటికి సున్నతో, రెండుసార్లు వెతకండి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. పెట్టకపోతే వత్తుగా మారిపోతుంది. యంత్రం లెక్కలో అవి రెండు వేర్వేరు వరసలు. తెలుగులో ఉన్నది దొరకలేదంటే చాలాసార్లు కారణం ఇలాంటిదే.

‘లేదు’ అన్నది కూడా జవాబే

కొటేషన్‌లో పెట్టి వెతికినప్పుడు ఒక్క పేజీ కూడా దొరకకపోతే గూగుల్ ‘నో రిజల్ట్స్ ఫౌండ్’ అని ఒక లైను చెబుతుంది. వెంటనే కింద, కొటేషన్ తీసేసి వెతికిన ఫలితాలు కుప్ప పోస్తుంది. ఇక్కడ చాలామంది మోసపోతారు. ఫలితాలు వచ్చాయి కదా అనుకుని చదువుతూ పోతారు. అసలు కబురు పై లైనులోనే ఉంది. మీరు రాసిన ఆ వరస దానికి తెలిసిన పేజీల్లో లేదని.

యంత్రానికి ‘లేదు’ అనడం ఇష్టం ఉండదు. ఖాళీ పేజీ చూస్తే జనం వెళ్లిపోతారని దాని యజమానుల భయం. కానీ వెతికేవాడికి ‘లేదు’ ఎంతో విలువైనది. చీటీ మీది మందు పేరు ఎక్కడా లేదంటే మనం చీటీ తప్పు చదివామని అర్థం. వెంటనే డాక్టరునో, మందుల షాపులోని ఫార్మసిస్టునో అడగాలి, స్ట్రిప్పు మీద ముద్రించిన పేరు చూసుకోవాలి. ఎవరో ఫార్వర్డ్ చేసిన సూక్తి ఫలానా మహానుభావుడు అన్నాడని రాసి ఉంటే, ఆ వాక్యం కొటేషన్‌లో పెట్టి వెతకండి. ఆయన పుస్తకాల్లో గానీ, ప్రసంగాల్లో గానీ దొరకకుండా ఫార్వర్డుల్లోనే దొరికితే దాన్ని ఇంకొకరికి పంపకండి. ‘లేదు’ అన్న జవాబును వినే ధైర్యం ఉన్నవాడే నిజంగా వెతికినవాడు.

ఇంత చెప్పానని ప్రతిదానికీ పట్టుదల అక్కర్లేదు. రెస్టారెంటు పేరో, సినిమా పేరో, స్పెల్లింగు గుర్తులేని విదేశీ నగరమో అయితే యంత్రం దిద్దింది హాయిగా తీసుకోండి. అక్కడ దాని ఊహ మనకన్నా మెరుగు. మందులు, డబ్బు, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, చట్టం సెక్షన్లు, పాత కాగితాలు — వీటిలో మాత్రం ఒక్క అక్షరం కూడా వదులుకోవద్దు.

ఈ పుస్తకం పక్కన పెట్టి, ఇప్పుడే ఫోను తీయండి. ఆటో కరెక్షన్ ఎక్కడుందో చూసి ఆపేయండి. మీ ఊరి పేరు కొటేషన్‌లో పెట్టి ఒకసారి వెతికి చూడండి. తర్వాత ఇంట్లో మందుల చీటీలు చూసే మనిషిని, అమ్మగారైనా, మామగారైనా, పక్కన కూర్చోబెట్టుకుని ‘సెర్చ్ ఇన్‌స్టెడ్ ఫర్’ అనే ఆ చిన్న లైను ఎక్కడ వస్తుందో వేలు పెట్టి చూపించండి. వాళ్ల చేత రెండుసార్లు నొక్కించండి.